ముడత ఐబ్ కాదు



మన ఇళ్ళల్లోకి లినెన్ వచ్చేసింది. మా చిన్నప్పుడు ఈద్ అంటే టెర్లిన్, టెరికాట్. ఆ తర్వాత కొన్నేళ్ళు గంజి పెట్టిన కాటన్ కుర్తాలు. ఇప్పుడు శ్రీకాకుళంలో ఏ బట్టల కొట్టులోకెళ్ళినా మగవాళ్ళ చెయ్యి ముందు లినెన్ తాను మీదకే పోతోంది. తెల్లది, లేత గంధం రంగుది, లేత పిస్తా రంగుది. ఖరీదు ఎక్కువే. అయినా ఎండాకాలంలో ఒంటికి హాయిగా ఉంటుంది, చెమట పీల్చుకుంటుంది, జుమ్మాకి వేసుకెళ్తే నలుగురిలో నిండుగా కనిపిస్తుంది. కొనుక్కోవడంలో నాకేమీ ఏతరాజ్ లేదు. ఇంటికొచ్చాక దాన్ని ఎవరు ఉతుకుతారు, ఎవరు ఇస్త్రీ చేస్తారు అన్నదగ్గరే నా మాట మొదలవుతుంది.

నా భాంజీ ఒకతి ఉంది. నా చెల్లెలి కూతురు. నిఖా అయి రెండేళ్ళు కాలేదు. సుస్రాల్ శ్రీకాకుళం టౌనులో. ఎచ్చెర్లలో మా ఇంటికి దగ్గర్లోనే అంబేద్కర్ యూనివర్సిటీ. అక్కడ పీజీ చదువుతోంది. క్లాసులయ్యాక బస్సెక్కే ముందు ఒక్కోసారి మా ఇంటికొచ్చి చాయ్ తాగి వెళ్తుంది. మంచి పిల్ల, చదువంటే ప్రాణం. వాళ్ళింట్లో మగవాళ్ళు ముగ్గురు: మామగారు, భర్త, మరిది. ముగ్గురికీ లినెన్ మోజే. ఒక్కొక్కరికి వారానికి మూడు జతలు లెక్కేసినా తొమ్మిది జతలు. జుమ్మా రోజు పొద్దున్న రెండు గంటలు ఆ పిల్ల ఇస్త్రీపెట్టె దగ్గరే నిలబడుతుంది.

ఈమధ్య ఎవరిదో వలీమాకి వెళ్ళారు. ఆటోలో కూర్చుని దిగేసరికి కుర్తా వెనకాలంతా నలిగిపోయింది. అక్కడ చుట్టాల్లో ఒకావిడ అందరి ముందూ అందట, "ఇత్తే సిలవటాఁ క్యూఁ? ఘర్ మే కోయీ దేఖ్‌నేవాలే నై క్యా?" అని. ఇన్ని ముడతలేంటి, ఇంట్లో చూసేవాళ్ళే లేరా అని. కుర్తా వేసుకున్నది భర్త, తల దించుకున్నది నా భాంజీ.

మర్నాడు మా ఇంటికొచ్చి చాయ్ గ్లాసు పక్కన పెట్టి అడిగింది. "ఖాలా, ముడత పోయి మళ్ళీ రాకుండా ఉండే తరీఖా ఏదైనా ఉందా? పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి. పొద్దున్న లేచి పుస్తకం తీద్దామంటే ఇస్త్రీ గుట్ట కనిపిస్తోంది."

నాకు తెలిసిందంతా చెప్పాను. ఆ పిల్లకి చెప్పిందే మీకూ చెప్తున్నాను. ఎందుకంటే ఈ గుట్ట ఒక్క ఇంట్లోది కాదు.

ముందు లినెన్ అంటే ఏంటో తెలుసుకోవాలి. అది పత్తి కాదు, నార. మనం కిరాణా కొట్లో అవిసె గింజలు కొంటామే, ఉర్దూలో అల్సీ అంటామే, ఆ మొక్క కాండం నుంచి తీసిన నార. మన దేశంలో అల్సీని ఎక్కువగా గింజ కోసం, నూనె కోసం పండిస్తారు. బట్టకి పనికొచ్చే పొడుగు నార చాలావరకు ఫ్రాన్స్, బెల్జియం వైపు నుంచి వస్తుంది. నార తీసే పద్ధతి మాత్రం మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళకి కొత్తేం కాదు. గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరేసి, మెత్తబడ్డాక నార ఒలుస్తారు కదా. ఆ రోజుల్లో చెరువుగట్టు మీద నడిస్తే ముక్కు మూసుకోవాల్సిందే. అవిసె నార కూడా అలా ఊరబెట్టి తీసేదే. గోగునార గోనెసంచి అయింది, అవిసె నార దొరబాబు చొక్కా అయింది. పుట్టుక ఒకటే, నసీబు వేరు.

అరబీలో దీన్ని కత్తాన్ అంటారు. పాత రోజుల్లో మిస్ర్ దేశపు లినెన్‌కి చాలా పేరు. నైలు నది సముద్రంలో కలిసే చోట తిన్నీస్, దమియాత్ అనే ఊళ్ళు ఈ నేతకే ప్రసిద్ధి. ఖలీఫాల పేర్లు అంచుల్లో నేసిన తిరాజ్ గుడ్డలు చాలావరకు లినెన్‌వే. వాటి ముక్కలు ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. వెయ్యేళ్ళు నిలిచిన గుడ్డ అంటే ఎంత గట్టిదో చూడండి.

అంత గట్టి నారకి ఒక గుణం ఉంది. సాగదు. ఉన్నిలాగా, పాలిస్టర్‌లాగా వంచితే మళ్ళీ వెనక్కి రాదు. ఎక్కడ వంగిందో అక్కడే ఉండిపోతుంది. మోచెయ్యి దగ్గర, మోకాలి దగ్గర, కూర్చున్న చోట గీతలు పడతాయి. అది ఉతికినవాళ్ళ లోపం కాదు, ఇస్త్రీ చేసినవాళ్ళ బద్ధకం కాదు. లినెన్ నైజమే అది. "బేటీ, ముడత రాని లినెన్ అని ఎవరైనా అమ్మితే అందులో పాలిస్టర్ కలిపి ఉండొచ్చు, లేదా మందు పూసి ఉండొచ్చు" అన్నాను. కొనేటప్పుడు అంచు నుంచి నాలుగు దారాలు లాగి వెలిగిస్తే తెలిసిపోతుంది. కాగితం కాలిన వాసనొచ్చి బూడిదైతే పత్తో, లినెనో. కరిగి గట్టి ఉండ కడితే పాలిస్టర్ కలిసినట్టు.

పరదేశపు గుడ్డ సంగతి ఇంతసేపు చెప్పాను గానీ, మన పక్కనే పొందూరు ఉంది. చిలకపాలెం జంక్షన్ దగ్గర హైవే దిగి వెళ్తే ఎంతో దూరం లేదు. ఇంగ్లీషువాళ్ళు శ్రీకాకుళాన్ని చికాకోల్ అనే రోజుల్లో చికాకోల్ మల్మల్ అంటే సన్నని గుడ్డకి పేరు. ఆ సన్నదనం ఇప్పటికీ మిగిలి ఉన్నది పొందూరు ఖద్దరులోనే. వలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు. ఆ చిన్న చిన్న పళ్ళ మధ్య నుంచి దూది దారి తీసుకుంటుంది. తర్వాత విల్లుతో ఏకి, రాట్నం మీద నూరో నంబరు దాకా నూలు వడుకుతారు. గాంధీజీ తన యంగ్ ఇండియా పత్రికలో ఈ నేత గురించి రాశారు. ఊళ్ళో ఖాదీ సంఘం 1949 నుంచి ఉంది. వడికేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, అందులోనూ వయసు మళ్ళినవాళ్ళు. రోజంతా చెయ్యి తిప్పినా చేతికొచ్చే మజూరీ తక్కువ. అంత మెహనత్‌తో వచ్చిన గుడ్డని ఉతికే పని కూడా ఇంట్లో మళ్ళీ ఆడవాళ్ళ చేతికే వస్తుంది.

మా అబ్బా బడిపంతులు. పొందూరు జుబ్బాలు రెండు ఉండేవి ఆయనకి. ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద. అమ్మీ ఉతికేది, ఆరేసేది మాత్రం అబ్బానే. తడి జుబ్బాని వెదురు కర్రకి చేతుల గుండా ఎక్కించి, కాలరు నుంచి కింద దాకా అరచేత్తో నిమిరేవాడు. కుట్లన్నీ తిన్నగా లాగేవాడు. "ఇదే నా ఇస్త్రీ" అనేవాడు. ఇస్త్రీపెట్టె మా ఇంట్లో ఈద్‌కే బయటికొచ్చేది. ఆ జుబ్బాలో నడుస్తుంటే ముడతలు కనిపించేవి. ఆయన్ని ఎవరూ చిన్నచూపు చూడలేదు.

ఇక అసలు పద్ధతి. లినెన్‌కీ, ఖద్దరుకీ చాలావరకు ఒకటే.

కుట్టించే ముందు గుడ్డని మంచినీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి, నీడలో ఆరబెట్టి, అప్పుడు దర్జీకి ఇవ్వండి. మొదటి ఉతుకులో ఈ గుడ్డ కుంచించుకుపోతుంది. కుట్టాక కుంచించుకుపోతే చేతులు పొట్టి అవుతాయి.

రంగుల్ని విడివిడిగా ఉతకండి. చల్లటి నీళ్ళో, గోరువెచ్చటివో చాలు. కుంకుడు రసం గానీ, మెత్తని సబ్బు నీళ్ళు గానీ వాడండి. పొడి నేరుగా గుడ్డ మీద చల్లకుండా ముందు నీళ్ళలో కరగనివ్వండి. బ్లీచింగ్ జోలికి పోవద్దు, నార తినేస్తుంది. తడిసినప్పుడు లినెన్ పొడిగా ఉన్నప్పటికంటే బలంగా ఉంటుంది. అందుకని చేత్తో ఉతకడానికి భయం అక్కర్లేదు. కానీ బండకేసి బాదొద్దు, మెలితిప్పి పిండొద్దు. ఆ మెలిక దగ్గర పడ్డ గీతలే తర్వాత ఇస్త్రీకి లొంగవు. మెషీన్లో వేస్తే డ్రమ్ము సగమే నింపి, తిరగలి తక్కువ పెట్టండి.

మన వైపు బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. సబ్బు సరిగ్గా నురగ రాదు, గుడ్డలో మిగిలిపోయి తెలుపు మసకబారుతుంది. అందుకని ఆఖరి జాడింపు మంచినీళ్ళలో చెయ్యండి. ఎలాగూ పాకీ కోసం మనం బట్టని మళ్ళీ మళ్ళీ జాడిస్తాం కదా. గుడ్డకి కూడా అదే కావాలి.

మరకల సంగతి. ఖీమా, ఖుర్మా నూనె మరక పడితే వెంటనే కాస్త పిండి అద్ది నూనె పీల్చనిచ్చి, తర్వాత సబ్బు రుద్దండి. షీర్ ఖుర్మా ఒలికితే చన్నీళ్ళు మాత్రమే పొయ్యండి. వేడినీళ్ళు పోస్తే పాల మరక గట్టిపడిపోతుంది. పసుపు మరకకి సబ్బు పెట్టి, తెల్ల గుడ్డయితే కాసేపు ఎండలో ఉంచండి, ఎండకి పసుపు వెలిసిపోతుంది. ఇంకోటి, అత్తరు. ఈద్‌గాహ్‌కి వెళ్ళే ముందు మన మగవాళ్ళు సీసా తీసి నేరుగా కుర్తాకి పూసేస్తారు. అత్తరులో నూనె ఉంటుంది. తెల్ల లినెన్ మీద పసుపు చుక్కలు పడి అలాగే ఉండిపోతాయి. మణికట్టుకి, చెవి వెనక పూసుకోమనండి. వాసన ఎక్కడికీ పోదు.

ఆరేసేటప్పుడే సగం పని అయిపోవాలి. నీళ్ళు కారుతుండగానే రెండు సార్లు గట్టిగా విదిలించి, వెడల్పు హ్యాంగర్‌కి వేసి, కుట్లు, కాలరు, అంచులు చేత్తో తిన్నగా లాగి నీడలో వదిలెయ్యండి. గాలి ఉంటే చాలు.

ఇస్త్రీకి మా వీధి చివర బండి పెట్టుకునే అతను చెప్పిన మాట ఏ పుస్తకంలోనూ ఉండదు. "తడిగున్నప్పుడే పెట్టి పెట్టీయాలమ్మా. ఎండిపోనాక ఎన్ని బొగ్గులేసినా ఈ గుడ్డ మాటినదు." అదే నిజం. కాస్త చెమ్మ ఉండగానే, తిరగేసి లోపలి వైపు నుంచి, బాగా వేడి పెట్టెతో చెయ్యాలి. చాలా కరెంటు పెట్టెల చక్రం మీద అన్నిటికంటే ఎక్కువ వేడికి రాసి ఉండే పేరు లినెన్‌దే. ఎండిపోయిన గుడ్డయితే నీళ్ళు చిలకరించి, చుట్టి, పది నిమిషాలు ఆగండి. ఎప్పుడూ ఒకే చోట కత్తిలాంటి మడత పెట్టి నొక్కొద్దు. కొన్ని నెలలకి ఆ గీత మీదే నార విరిగి గుడ్డ చిరుగుతుంది. ముడత వల్ల లినెన్ పాడవదు. ముడతే ఉండకూడదని రోజూ నొక్కడం వల్ల పాడవుతుంది.

దాచేటప్పుడు పూర్తిగా ఆరిందో లేదో చూసుకోండి. మన సముద్రపు గాలికి, వానాకాలం చెమ్మకి బూజు పడుతుంది. గంజి పెట్టిన బట్టని నెలల తరబడి సందూక్‌లో పెట్టొద్దు, గంజికి పురుగు వస్తుంది. అప్పుడప్పుడు తీసి మడతలు మార్చి పెట్టండి. కాలరు అరిగితే పారెయ్యకండి. రఫూ చేయించవచ్చు, కాలరు విప్పి తిరగేసి కుట్టించవచ్చు.

ఇదంతా విని నా భాంజీ అంది, "ఖాలా, ఇవన్నీ నేర్చుకుంటే రెండు గంటల పని గంటన్నర అవుతుంది. అంతే కదా?"

ఆ లెక్క నాకూ తెలుసు. మిగిలిన గంటన్నర ఎవరిది? అది ఆ పిల్ల చదువు సమయం. ఉపాయంతో అది తిరిగి రాదు. అందుకే ఆ ఆదివారం నేనే టౌనుకెళ్ళాను. గొడవకి కాదు, చుట్టపు చూపుగా. వాళ్ళ అత్తగారు నాకంటే పెద్దావిడ, ఆపా అంటాను. మర్యాదస్తురాలు. కోడల్ని తిట్టే మనిషి కాదు. కానీ ఇంట్లో మగవాళ్ళు ఇస్త్రీపెట్టె ముట్టుకోవడం ఆవిడ ఎరగదు. "హమారే ఘర్ మే మర్దాఁ ఏ కామ్ నై కర్తే" అంది, మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు.

"ఆపా, బజార్లో బండి మీద ఇస్త్రీ చేసేది మర్దే కదా" అన్నాను. "దర్జీ మర్దే. రఫూగర్ మర్దే. రేవులో ధోబీ మర్దే. పైసలిస్తే పేషా, ఇంట్లో చేస్తే ఆడపనా?"

ఆవిడ నవ్వి ఊరుకుంది. అప్పుడు నేను ఉమ్రా మాట ఎత్తాను. ఏడాది కిందట ఇద్దరూ వెళ్ళొచ్చారు. "భాయ్‌సాబ్ ఇహ్రామ్ ఎవరు ఇస్త్రీ చేశారు ఆపా అక్కడ?"

"ఇస్త్రీ ఎక్కడిది! ఆయనే చుట్టుకున్నారు, ఆయనే ఉతుక్కున్నారు. హోటల్ కిటికీకి ఆరేసుకున్నారు" అంది. అని, తన మాట తనకే వినపడినట్టు ఆగింది. "ఎంత నలిగిపోయి ఉండేదో! ఎవరు చూశారులే." లోపల గదిలోంచి భాయ్‌సాబ్ దగ్గు వినిపించింది.

దామాద్ అక్కడే ఉన్నాడు. మంచి కుర్రాడు. అతనితో వేరేగా ఒక్క మాటే అన్నాను. ఇంట్లో ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఏం చేసేవారని అడిగితే హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన సంగతి నీకు తెలుసు కదా బేటా, తన బట్టలు తానే కుట్టుకునేవారని, చెప్పులు తానే బాగు చేసుకునేవారని. గడ్డం సున్నత్ గుర్తుంది మనకి, తెల్లబట్టల సున్నత్ గుర్తుంది, అత్తరు సున్నత్ గుర్తుంది. ఇది కూడా వాటి పక్కనే ఉంది. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఖాలా, నాకు రాదు. కాలిపోతుందేమో" అన్నాడు.

"లినెన్ అన్నిటికంటే ఎక్కువ వేడికి ఆగే గుడ్డ. నేర్చుకోవడానికి దీనికంటే మంచిది లేదు" అన్నాను. దండెం మీద చెమ్మగా ఉన్న కుర్తా తెప్పించి, కాలరు నుంచి ఎలా మొదలుపెట్టాలో చూపించాను. మొదటి కుర్తాకి ఇరవై నిమిషాలు పట్టింది. ఒక చెయ్యి వంకరగా వచ్చింది. అయినా అదే వేసుకుని అస్ర్ నమాజ్‌కి వెళ్ళాడు.

అంతా మారిపోయిందని చెప్పను. మరిది ఇంకా తన బట్టలు కుర్చీ మీద పడేసి వెళ్తున్నాడట. భాయ్‌సాబ్ ఇస్త్రీపెట్టె ముట్టుకోలేదు గానీ, "నాకు ఇస్త్రీ లేకుండానే ఇవ్వండి" అంటున్నారట. దామాద్ మాత్రం తన మూడు జతలు తానే చూసుకుంటున్నాడు. కిందటి జుమ్మా పొద్దున్న నా భాంజీ ఫోన్ చేసి, "ఖాలా, ఒక యూనిట్ పూర్తయింది" అంది. వెనకాల ఇస్త్రీపెట్టె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

అక్కలూ, చెల్లెళ్ళూ, మీ ఇంట్లో చదువుకునే కోడలో, కూతురో, ఉద్యోగానికి పోయే ఆడపిల్లో ఉంటే ఈ పద్ధతులన్నీ ఆమెకు ఒక్కదానికే నేర్పకండి. కొడుకుల్ని కూడా పక్కన కూర్చోబెట్టి నేర్పండి. ఇక ఎవరి కుర్తా అయినా నలిగి కనిపిస్తే, ఆ ఇంటి ఆడవాళ్ళ వైపు చూడకండి. నిల్చున్నాడు, కూర్చున్నాడు, సజ్దా చేశాడు, నలిగింది. లినెన్ కదా.